నైట్రోజన్ గాలా, మామూలు గాలా? వైజాగ్ ఎండకీ ఉప్పుగాలికీ ఏది నయం?

మధురవాడ_స్విఫ్ట్
నాలుగు టైర్లూ కొత్తవి వేయించాం, 185/65 ఆర్15. షాపువాళ్లు అడక్కుండానే నైట్రోజన్ కొట్టేసి, ఆకుపచ్చ మూతలు బిగించి, టైరుకి 50 చొప్పున 200 బిల్లులో కలిపేశారు. పైగా "ఇకమీద మామూలు గాలి కలపకండి, కలిపితే టైరు లోపల పాడవుతుంది" అన్నారు. బండి రోజూ మధురవాడ నుంచి అనకాపల్లి వెళ్లి రావాలి, దారిలో అన్ని బంకుల్లోనూ నైట్రోజన్ ఉండదు. నాకు తేలాల్సినవి మూడు. రెండూ కలిపితే నిజంగా ఏమైనా అవుతుందా? ఎండాకాలం హైవే మీద నైట్రోజన్ వల్ల టైరు వేడెక్కకుండా ఉంటుందా? ప్రతిసారీ డబ్బులిచ్చి కొట్టించుకునేంత లాభం ఉందా?

టైర్‌బాబాయ్
కలిపితే ఏమీ అవదు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. నైట్రోజన్ ఉన్న టైరులో మామూలు గాలి కలిస్తే ఆక్సిజన్ వంతు కాస్త పెరుగుతుంది, అంతే. టైరు పాడయ్యేది గాలి తక్కువగా ఉన్నప్పుడు తిప్పితే. నైట్రోజన్ బంకు వచ్చేదాకా 26 పాయింట్లతో (పాయింటు అంటే పీఎస్‌ఐ) హైవే మీద ఈడ్చుకెళ్లొద్దు. ఎదురైన మొదటి బంకులో మామూలు గాలితో సరిచేసుకుని వెళ్లండి. గాలి ఉచితంగా పెట్టడం బంకులు తప్పనిసరిగా ఇవ్వాల్సిన సౌకర్యం, అడగడానికి మొహమాటం వద్దు.

షీలానగర్_ట్యాక్సీ
రెండో ప్రశ్నకి నా జవాబు: నైట్రోజన్ ఎండకి పెరగదు. మామూలు గాలి పెరుగుతుంది. అందుకే ట్యాక్సీలవాళ్లు ఎండాకాలం నైట్రోజన్ కొట్టిస్తారు.

లెక్కల_మాస్టారు
@షీలానగర్_ట్యాక్సీ ఇది చాలామంది నమ్మే మాట, కానీ తప్పు. పొడిగా ఉంటే గాలైనా నైట్రోజనైనా వేడికి ఒకేలా పెరుగుతాయి. లెక్క చూడండి. గేజీలో 33 చూపిస్తే బయటి వాతావరణ పీడనం 14.7 కలుపుకుని లోపల అసలు పీడనం 47.7. పొద్దున్న 27 డిగ్రీలంటే కెల్విన్ లెక్కలో 300. అంటే డిగ్రీకి 0.16 పాయింటు, పది డిగ్రీలకి 1.6. మధ్యాహ్నం హైవే మీద లోపలి గాలి 60 డిగ్రీలకి చేరితే 5 పాయింట్ల పైచిలుకు పెరిగి గేజీ 38 చూపిస్తుంది. టైరులో ఉన్నది ఏదైనా సరే అదే 38.

తేడా వచ్చేది ఒక్క నీటి దగ్గరే. కంప్రెసర్ నుంచి నీటి చుక్కలు టైరులోకి పోతే మాత్రం కథ మారుతుంది. 30 లీటర్ల టైరులో చెంచాడు నీళ్లున్నాయనుకోండి. 30 డిగ్రీల దగ్గర ఆవిరి ఇచ్చే పీడనం 0.6 పాయింటు. 60 డిగ్రీలకి అది 2.9. అంటే మామూలు పెరుగుదల 5 మీద ఇంకో 2.3 అదనంగా వచ్చి పడింది. "గాలి పెరుగుతుంది" అన్న అనుభవం నీళ్లు పట్టిన కంప్రెసర్ల నుంచే వచ్చింది.

కంచరపాలెం_కంప్రెసర్
మాస్టారు అసలు చోటు పట్టుకున్నారు. మన ఊరి గాలి తేమ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ పని చేసేవాళ్లే దీన్ని పట్టించుకోరు.

30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున వెయ్యి లీటర్ల గాలిలో దాదాపు 24 గ్రాముల నీరు ఉంటుంది. ఆ గాలిని కంప్రెసర్ 8 బార్ పీడనానికి తొక్కి, ట్యాంకులో 35 డిగ్రీలకి చల్లబడ్డాక, అందులో ఆవిరిగా ఇమిడేది 4, 5 గ్రాములే. మిగతా 19 గ్రాములు నీళ్లై ట్యాంకు అడుగుకి దిగుతాయి. రోజుకి పదివేల లీటర్లు తొక్కే షాపంటే దాదాపు 200 గ్రాములు, ఒక గ్లాసుడు. వారం రోజులు డ్రెయిన్ కాక్ (ట్యాంకు అడుగున నీళ్లు వదిలే కుళాయి) తిప్పకపోతే లీటరు దాటుతుంది. తుప్పు కలిసి ఎర్రగా, నూనె కలిసి జిగటగా ఉంటుంది. గాలి గొట్టం ఒత్తినప్పుడు ఆ నీళ్లే తుంపరగా కొట్టుకొస్తాయి.

డ్రెయిన్ రోజూ తిప్పి, ట్యాంకు తర్వాత ఒక నీటి ఫిల్టరు పెట్టిన షాపులో మామూలు గాలి కూడా టైరుకి బాగా పొడిగానే అందుతుంది. 8 బార్ నుంచి 33 పాయింట్లకి దిగేసరికి ఆ గాలిలో తేమ యాభై శాతం దగ్గరికి వచ్చేస్తుంది, చుక్క కట్టదు. కాబట్టి ఇక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న "ఈ రోజు ట్యాంకు నీళ్లు తీశారా?" అని.

రుషికొండ_రైడర్
ట్యాంకు లోపల ఏముందో బయటి నుంచి మనకెలా తెలుస్తుందండీ?

కంచరపాలెం_కంప్రెసర్
@రుషికొండ_రైడర్ చాలా సులువమ్మా. గొట్టం వాల్వుకి పెట్టేముందు నాలుగైదు సెకన్లు ఊరికే వదలమనండి, ఎదురుగా ఒక పొడి కాగితం పట్టండి. న్యూస్‌పేపరు ముక్క చాలు. తడి మచ్చలు పడితే ఆ గాలి వద్దు. పసుపుపచ్చ జిడ్డు మచ్చ పడితే కంప్రెసర్ పిస్టన్ రింగులు అరిగి నూనె పైకొస్తోందని అర్థం. నూనె టైరు లోపలి పొరకి మంచిది కాదు. పొద్దున్నే షాపు తెరవగానే మొదటి బండి మీది కాకుండా చూసుకోండి, రాత్రంతా గొట్టంలో పేరుకున్న నీరు మొదటి టైరుకే పోతుంది.

మధురవాడ_స్విఫ్ట్
బాగుంది. మరి నైట్రోజన్ మెషీన్ గాలి పొడిగా ఉంటుందా? అది కూడా అదే కంప్రెసర్ నుంచి తీసుకుంటుంది కదా?

గాజువాక_ఫిట్టర్
అవును, మెషీన్ వెనకాల కంప్రెసరే. షాపుల్లో ఎక్కువగా ఉండేది రెండు టవర్ల మెషీన్. టవర్లలో కార్బన్ మాలిక్యులర్ సీవ్ అనే నల్ల గుళికలు ఉంటాయి. పీడనంలో ఆక్సిజన్ ఆ గుళికల రంధ్రాల్లో చిక్కుకుంటుంది, నైట్రోజన్ దాటిపోతుంది. ఒక టవరు పనిచేస్తుంటే రెండోది పట్టిన ఆక్సిజన్ బయటికి వదులుతుంది, మెషీన్ దగ్గర మధ్య మధ్యలో "బుస్స్" మని వినిపించేది అదే. నీటి ఆవిరి కూడా చాలావరకు ఆగిపోతుంది. మెషీన్ ఆరోగ్యంగా ఉంటే వచ్చేది 95 శాతం లేదా అంతకు పైన నైట్రోజన్, బాగా పొడిగా.

ముందున్న ఫిల్టర్లు మార్చకపోతే నూనె తుంపర గుళికలకి పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు మెషీన్ శబ్దం మారదు, లైటూ మారదు, వచ్చే గాలి మాత్రం మామూలు గాలికి దగ్గరగా ఉంటుంది. రెండో సమస్య వేగం. చిన్న మెషీన్ నిమిషానికి ఇంత అని మెల్లగా తయారుచేస్తుంది. క్యూ పెరిగినప్పుడు గొట్టం ఎక్కువగా లాగితే శుద్ధత పడిపోతుంది. నిల్వ ట్యాంకు లేని చోట ఈ తేడా ఎక్కువ.

ద్వారకానగర్_ఆల్టో
అంటే ఆకుపచ్చ మూత చూసి నమ్మకూడదన్నమాట.

గాజువాక_ఫిట్టర్
@ద్వారకానగర్_ఆల్టో మూత రంగు ఒక గుర్తు మాత్రమే. ప్యానెల్ మీద శుద్ధత అంకె ఉంటే చూపించమనండి. చేతిలో పట్టే ఆక్సిజన్ మీటరు ఉన్న షాపైతే ఇంకా మంచిది. బయటి గాలిలో 20.9 శాతం చూపించాలి, ముందు అది చూడాలి. తర్వాత వాల్వు పిన్ను కొద్దిగా ఒత్తి ఆ గాలి పట్టాలి. కొత్తగా ఒకసారి నింపిన కారు టైరులో 10 దగ్గర చూపిస్తే మెషీన్ బాగానే ఉన్నట్టు. 17, 18 చూపిస్తే డబ్బులు దండగ.

అక్కయ్యపాలెం_హోండా
95 శాతం నైట్రోజన్ కొడితే ఆక్సిజన్ 5 ఉండాలి కదా, 10 ఎందుకు?

లెక్కల_మాస్టారు
@అక్కయ్యపాలెం_హోండా ఎందుకంటే "ఖాళీ" టైరు ఖాళీ కాదు. గేజీ సున్నా చూపించినా లోపల బయటి వాతావరణమంత గాలి, 14.7 పాయింట్లది, అలాగే ఉంది. అందులో 21 శాతం అంటే 3.1 పాయింట్ల ఆక్సిజన్. దాని మీద 33 పాయింట్ల నైట్రోజన్ కొడితే, అందులో 5 శాతం అంటే ఇంకో 1.65. మొత్తం 4.7. దీన్ని 47.7 తో భాగిస్తే పదికి కొంచెం తక్కువ. అంటే మీకు దొరికింది 90 శాతం నైట్రోజన్.

మళ్లీ గాలి మొత్తం తీసి రెండోసారి కొడితే ఆక్సిజన్ ఆరున్నర శాతానికి దిగుతుంది. మూడోసారి కొడితే ఐదున్నర దగ్గరికి వస్తుంది. మెషీన్ ఇచ్చేదే 5 కాబట్టి అంతకన్నా కిందికి పోదు, మూడోసారి అనవసరం. ఇక సగం గాలి ఉన్న టైరు మీద పైపైన నాలుగు పాయింట్లు నైట్రోజన్ కొట్టి ఫుల్ రేటు తీసుకుంటే, ఆక్సిజన్ 21 నుంచి 19 దగ్గరికి వచ్చింది, అంతే.

షీలానగర్_ట్యాక్సీ
మాస్టారూ, వేడి విషయం ఒప్పుకున్నా. కానీ నైట్రోజన్ కొట్టిన టైర్లకి గాలి త్వరగా దిగదు. అది మాత్రం నిజం, రోజూ చూస్తున్నదే.

లెక్కల_మాస్టారు
నిజమే, ఆ మాటకి ఆధారం ఉంది. టైరు లోపల బ్యూటైల్ రబ్బరు పొర ఉంటుంది. దాని గుండా ఆక్సిజన్ నైట్రోజన్ కన్నా మూడు నాలుగు రెట్లు వేగంగా జారిపోతుంది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 31 రకాల టైర్లు తీసుకుని, ఒక్కో రకంలో ఒకదానికి గాలి, ఒకదానికి నైట్రోజన్ నింపి, 30 పాయింట్ల దగ్గర ఏడాదిపాటు బయట ఉంచి చూసింది. ఫలితం 2007లో వచ్చింది. సగటున గాలి టైరు 3.5 పాయింట్లు దిగింది, నైట్రోజన్ టైరు 2.2. తేడా ఏడాదికి 1.3 పాయింట్లు. వీటిలో ఏ టైరూ రోడ్డు మీద తిరగలేదు, పంచరు లేదు, వాల్వు లీకు లేదు. రబ్బరు గుండా పోయేది అంతే.

అంటే మీ బండికి నెలకి రెండు మూడు పాయింట్లు దిగుతుంటే అది రబ్బరు గుండా పోతున్నది కాదు. ఎక్కడో లీకు ఉంది. లీకుకి నైట్రోజన్ మందు కాదు.

బీచ్‌రోడ్_అల్లాయ్స్
ఆ లీకు ఎక్కడుంటుందో చెప్తా. మన ఊళ్లో సముద్రం పక్కన రాత్రంతా బయట పార్క్ చేసే బండ్లకి, ముఖ్యంగా అల్లాయ్ వీల్స్‌కి, బీడింగు (టైరు లోపలి గట్టి అంచు) కూర్చునే రిమ్ము అంచు దగ్గర ఉప్పు పట్టి తెల్లగా పొడి లేస్తుంది. పెయింటు పొర కింద నుంచి అల్యూమినియం పొంగి, టైరు అంచుకీ రిమ్ముకీ మధ్య వెంట్రుకంత సందు చేస్తుంది. చుట్టూ ఒకే చోట కాదు, రెండు మూడు చోట్ల. సబ్బునీళ్లు పోసి రెండు నిమిషాలు ఆగితే సన్న బుడగలు ఆవగింజల్లా వరసగా పుడతాయి. పెద్ద బుడగ కోసం చూస్తే దొరకదు, ఓపిగ్గా చూడాలి.

వైద్యం: టైరు దించి, అంచు చుట్టూ నైలాన్ బ్రష్‌తో గానీ గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో గానీ పొడి పోయేదాకా తోమాలి. గ్రైండరు పెట్టి గీరితే లోహం తగ్గిపోతుంది, పెట్టనివ్వకండి. శుభ్రమయ్యాక బీడ్ సీలర్ (సందు మూసే పూత మందు) పలుచగా ఒక పూత, ఆరనిచ్చి టైరు ఎక్కించడం. మందంగా పూస్తే తర్వాతిసారి టైరు దింపడం నరకం.

ఇంకోటి, వాల్వు మూతలు. అందం కోసం ఇత్తడి మూతలు, అల్యూమినియం మూతలు వేయించుకుంటారు. వాల్వు కాడది ఒక లోహం, మూతది ఇంకోటి అయితే ఉప్పుగాలికి రెండూ పట్టేసుకుంటాయి. మూత తిప్పబోతే వాల్వు కాడే విరిగి చేతికి వస్తుంది. లోపల రబ్బరు వాషరున్న ప్లాస్టిక్ మూత చాలు.

మధురవాడ_స్విఫ్ట్
నా రబ్బరు వాల్వులు కొత్తవే అనుకుంటా. టైర్లతో పాటు మార్చారో లేదో బిల్లులో లేదు.

గాజువాక_ఫిట్టర్
వాల్వు కాడని పక్కకి వంచి చూడండి. మొదట్లో సన్న పగుళ్లు కనిపిస్తే పాతదే. ట్యూబ్‌లెస్ రబ్బరు వాల్వు ఎండకి కొన్నేళ్లలో గట్టిపడి పగులుతుంది, టైరు మార్చిన ప్రతిసారీ మార్చాల్సిందే. ఎక్కువ కార్లకి టీఆర్ 413 సరిపోతుంది, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. నైట్రోజన్‌కి 200 ఇచ్చిన చోట నాలుగు వాల్వులు మార్చకపోతే అది తప్పు పనే.

అగనంపూడి_పదిటైర్లు
కార్లవాళ్ల లెక్కలే నడుస్తున్నాయి, లారీల సంగతి వేరు. @టైర్‌బాబాయ్ "కలిపితే ఏమీ అవదు" అన్న మాట మా దగ్గర చెల్లదు. 10.00 ఆర్20 రేడియల్‌కి 120 పాయింట్లు కొడతాం. మాస్టారు లెక్కే వాడితే లోపల 134.7, అందులో ఆక్సిజన్ ఒక్కటే 28 పాయింట్లు. కారులో అది 10. ఆ ఆక్సిజన్ రబ్బరు గుండా మెల్లగా బయటికి పోతూ దారిలో ఉన్న పొరల్ని, స్టీలు బెల్టు అంచుల్ని గట్టిపరుస్తుంది. కారు టైరు ఒకసారి అరిగితే పారేస్తాం. లారీ కేసింగుకి (పైపొర కింద ఉండే టైరు ఒళ్లు) రీట్రెడ్, అంటే అరిగిన పైపొర బదులు కొత్తది, ఒకటి రెండుసార్లు వేయాలి. కేసింగు లోపల రబ్బరు సత్తువ పోతే రీట్రెడ్ వేసినా పొర విడిపోతుంది. హైవే పక్కన పడుండే ట్రెడ్ పట్టీల్లో కొన్ని అవే.

పైగా 120 పాయింట్ల టైరుకి రెండుసార్లు ఖాళీ చేయక్కర్లేదు. పాత గాలి వంతు తక్కువ కాబట్టి ఒకే నింపుతో ఆక్సిజన్ 7 శాతానికి దిగుతుంది. లెక్క తప్పైతే చెప్పండి మాస్టారూ.

లెక్కల_మాస్టారు
తప్పు లేదు. 3.1 కి 6 కలిపితే 9.1, దాన్ని 134.7 తో భాగిస్తే 6.8. లారీ టైరుకి ఒక్కసారే చాలు.

టైర్‌బాబాయ్
@అగనంపూడి_పదిటైర్లు రీట్రెడ్ మాట ఒప్పుకుంటా. కానీ రోడ్డు పక్కన పట్టీలు పడేది ఎక్కువగా జత టైర్లలో లోపలిదాని వల్ల. లోపలి టైరు వాల్వు చేతికి అందదు, క్లీనరు ఇనప రాడ్డుతో కొట్టి శబ్దం విని "బాగానే ఉంది" అంటాడు. 120 ఉన్న టైరూ 95 ఉన్న టైరూ రాడ్డుకి ఒకేలా మోగుతాయి. లోపలిది మోయాల్సిన బరువు కూడా బయటి టైరు మోస్తూ రెండూ కాలిపోతాయి.

ఉండాల్సినదాంట్లో 20 శాతం తగ్గితే, అంటే 96 కి దిగి అలాగే లోడుతో తిరిగితే, దాన్ని గాలి లేకుండా తిరిగిన టైరుగానే లెక్కగట్టాలి. అప్పుడు నేరుగా గాలి కొట్టేయకూడదు. ఇది మాత్రం అందరూ గుర్తుంచుకోండి. గాలి తక్కువగా తిరిగిన స్టీల్ రేడియల్ పక్కగోడలో తీగలు వంగి వంగి తెగి ఉంటాయి, పైకి కనబడవు. 60, 80 పాయింట్లు ఎక్కేసరికి పక్కగోడ జిప్పులా బారున చీలిపోతుంది. మనిషి ఎదురుగా ఉంటే ప్రాణం పోతుంది. దించి, లోపల ముడతలు, మెత్తబడ్డ చోట్లు చూసి, ఇనప బోనులో పెట్టి, పొడవు గొట్టంతో పక్కకి నిలబడి కొట్టాలి. నైట్రోజన్ కొట్టినా ఈ ప్రమాదం ఇంతే.

అగనంపూడి_పదిటైర్లు
జిప్పు చీలిక మాటకి దండం బాబాయ్, ఆటోనగర్‌లో ప్రతి షాపు గోడ మీదా రాయాల్సిన మాట అది. లోపలి టైరుకి వాల్వు ఎక్స్‌టెన్షన్ వేస్తే గేజీ అందుతుంది. వేశాక నట్టు దగ్గర సబ్బునీళ్లు చూడాలి, ఎక్స్‌టెన్షనే లీకు కొడుతుంది ఒక్కోసారి. అయినా నా మాట మీద నేనున్నాను. రీట్రెడ్ వేసే లారీకి నైట్రోజన్ పెట్టుబడే, గేజీ వాడకం దాంతో పాటు.

ఉక్కునగరం_గ్యాస్
లారీలవాళ్లకి ఒక హెచ్చరిక. ప్లాంటుల దగ్గర నైట్రోజన్ సిలిండరు సులువుగా దొరుకుతుంది కదా అని కొందరు నేరుగా దాన్నుంచి టైరు నింపుతున్నారు. నిండు సిలిండరులో 150 బార్ ఉంటుంది, అంటే రెండువేల పాయింట్ల పైన. రెగ్యులేటరు లేకుండా, రిలీఫ్ వాల్వు లేకుండా టైరుకి తగిలిస్తే రెప్పపాటులో టైరు పేలుతుంది. రెగ్యులేటరు కూడా నైట్రోజన్‌కి చేసినదే వాడాలి. ఇంకా ఘోరం, నల్ల సిలిండరు పక్కనే ఉంది కదా అని ఆక్సిజన్ ఎక్కించడం. నూనె, గ్రీజు, రబ్బరు ఉన్నచోట అంత ఆక్సిజన్ నిప్పు పుట్టిస్తుంది. రంగుని నమ్మకండి, సిలిండరు మీద రాసిన పేరు చదవండి. మూసిన గదిలో నైట్రోజన్ ఎక్కువసేపు వదలడం కూడా ప్రమాదం, వాసన రాదు, ఊపిరి అందక మనిషి పడిపోతాడు.

ద్వారకానగర్_ఆల్టో
విమానాలకి నైట్రోజనే కొడతారంటారు, మన ఎయిర్‌పోర్టులో చూసినవాళ్లు చెప్పారు. అంత మంచిది కాకపోతే విమానానికి ఎందుకు?

ఉక్కునగరం_గ్యాస్
@ద్వారకానగర్_ఆల్టో అక్కడి కారణం వేరు. 1986 మార్చి 31న మెక్సికోలో మెక్సికానా సంస్థ బోయింగ్ 727 కూలి 167 మంది చనిపోయారు. బ్రేకు ఒకటి విపరీతంగా వేడెక్కింది, చక్రాల గదిలో ఉన్న టైరులో నైట్రోజన్ బదులు మామూలు గాలి ఉంది. వేడికి రబ్బరు నుంచి వచ్చిన ఆవిర్లు లోపలి ఆక్సిజన్‌తో అంటుకుని టైరు పేలింది, ఇంధన గొట్టాలు తెగాయి. మరుసటి ఏడాది అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ పెద్ద విమానాల బ్రేకున్న చక్రాలకి నైట్రోజన్ తప్పనిసరి చేసింది. టైరులో ఆక్సిజన్ 5 శాతం దాటకూడదన్నది పరిమితి. పైన మైనస్ యాభై డిగ్రీల చలిలో నీరు మంచుగా కట్టకూడదన్నది ఇంకో కారణం. కారు బ్రేకు అంత వేడెక్కదు, మనం ఆకాశంలో తిరగం.

అక్కయ్యపాలెం_హోండా
2019లో రాజ్యసభలో గడ్కరీ గారు కూడా టైర్లకి నైట్రోజన్ తప్పనిసరి చేసే ఆలోచన ఉందన్నారు కదా?

టైర్‌బాబాయ్
@అక్కయ్యపాలెం_హోండా అన్నారు. సొంత కార్లకి అలాంటి నిబంధన రాలేదు. నైట్రోజన్ లేదని ఎవరూ చలానా రాయరు, కంగారు పడకండి.

లంబసింగి_ట్రిప్పు
చలికాలం లంబసింగి వెళ్లేటప్పుడు ఎంత పెట్టుకోవాలి? తెల్లవారుజామున పైన చూస్తే గేజీ తగ్గి కనిపిస్తుంది, అది నైట్రోజన్ ఉన్న బండికీ తగ్గుతోంది.

లెక్కల_మాస్టారు
@లంబసింగి_ట్రిప్పు తగ్గాల్సిందే. ఇక్కడ 27 డిగ్రీలకి 33 పెట్టారు. పైన తెల్లవారుజామున 5 డిగ్రీలు అనుకోండి, 22 డిగ్రీల తేడాకి మూడున్నర పాయింట్లు పోతాయి. కానీ అక్కడ ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు, బయటి పీడనం ఒకటిన్నర పాయింటు తక్కువ. గేజీ లోపలికీ బయటికీ మధ్య తేడానే చూపిస్తుంది కాబట్టి ఆ ఒకటిన్నర తిరిగి కలుస్తుంది. చివరికి 31 దగ్గర కనిపిస్తుంది. ఏమీ కలపక్కర్లేదు. పైన 33 కి సరిచేసుకుని మధ్యాహ్నం వైజాగ్ దిగితే ఇక్కడ 35 చూపిస్తుంది, అదీ ప్రమాదమేమీ కాదు, ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున్న చల్లారాక చూసుకోండి.

రుషికొండ_రైడర్
అరకు ఘాట్ దిగుతున్నప్పుడు 38, 39 చూపిస్తే గాలి తీసేయమని ఒక పంచరు షాపులో చెప్పారు. తీయొచ్చా?

టైర్‌బాబాయ్
@రుషికొండ_రైడర్ తీయకూడదు! ఘాట్‌లో బ్రేకు వేడి రిమ్ముకి ఎక్కి గాలి పెరిగింది, అది మామూలే, టైరు దానికి తగ్గట్టే తయారైంది. వేడి మీద 33 కి తగ్గిస్తే మర్నాడు చల్లారాక 27, 28 ఉంటుంది. తక్కువ గాలి అంటే టైరు ఎక్కువ నలుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. కొలవడం ఎప్పుడూ చల్లగా, బండి కనీసం మూడు గంటలు ఆగాక, లేదా రెండు కిలోమీటర్ల లోపు తిరిగాక.

రుషికొండ_రైడర్
బైకులకి నైట్రోజన్ పనికొస్తుందా? ట్యూబు టైర్లు.

గాజువాక_ఫిట్టర్
ట్యూబు పలుచన, గాలి పరిమాణం తక్కువ. కాస్త దిగినా పాయింట్లలో ఎక్కువ తగ్గుతుంది, నైట్రోజన్ కొట్టినా వారం పది రోజులకోసారి చూడాల్సిందే. ఎలాగూ చూడాలి కాబట్టి మామూలు గాలి చాలు. వాల్వు పిన్ను మీద దుమ్ము పడకుండా మూత పెట్టుకోండి, బైకులకి సగం లీకులు పిన్ను దగ్గరే. పిన్ను మీద ఉమ్మి రాసి చూసే పద్ధతి పాతదే, బుడగ వస్తే పిన్ను మార్చేయండి, బిగించి సరిపెట్టకండి.

సింహాచలం_గేజీ
అందరూ పాయింట్ల గురించి మాట్లాడుతున్నారు, ఏ గేజీ అని ఎవరూ అడగలేదు. బంకులో గొట్టానికి వేలాడే గేజీ రోజుకి ఎన్నోసార్లు నేలకేసి పడుతుంది. రెండు మూడు పాయింట్ల తప్పు చూపించడం మామూలే. గాలికీ నైట్రోజన్‌కీ ఏడాదికి తేడా 1.3 అని పైన మాస్టారు చెప్పారు. గేజీ తప్పే దానికి రెట్టింపు. సొంత గేజీ ఒకటి కొని డాష్‌బోర్డులో పడేసుకోండి, ఎప్పుడూ దానితోనే చూడండి. అది ఒక పాయింటు అటూ ఇటూ ఉన్నా ప్రతిసారీ ఒకేలా ఉంటుంది కాబట్టి దిగుడు తెలుస్తుంది. అంకె పెట్టి వదిలేసే డిజిటల్ మెషీన్ల దగ్గర కూడా అయ్యాక మీ గేజీతో ఒకసారి చూడండి. ఎంత పెట్టాలన్నది డ్రైవరు తలుపు స్తంభం మీది స్టిక్కరు చెప్తుంది. టైరు పక్కన రాసున్న గరిష్ఠ అంకె వేరు, అది పెట్టకూడదు.

మధురవాడ_స్విఫ్ట్
అర్థమైంది. షాపు దగ్గరే ఉంది, నైట్రోజన్‌కి డబ్బు ఇచ్చేశాను కాబట్టి సరిగ్గా నింపారో లేదో అడుగుతాను. ఒకవేళ మళ్లీ నింపుతామంటే ఎలా చేయమనాలి?

గాజువాక_ఫిట్టర్
బండి జాకీ మీదో లిఫ్టు మీదో లేపాలి, చక్రం నేలకి తగలకూడదు. బండి బరువు మీద గాలి మొత్తం తీస్తే పక్కగోడ నలిగి బీడింగు రిమ్ము నుంచి విడిపోతుంది. పిన్ను విప్పి గాలి పూర్తిగా పోనివ్వాలి, బుస్ ఆగేదాకా. పిన్ను బిగించి 33 కి కొట్టాలి. మళ్లీ పిన్ను విప్పి ఖాళీ చేసి, రెండోసారి 33. పిన్ను మీద, వాల్వు మొదట్లో సబ్బునీళ్లు. మీటరుంటే 6, 7 చూపించాలి. నాలుగు టైర్లకి అరగంట పైనే పడుతుంది. ఐదు నిమిషాల్లో "అయిపోయింది సార్" అంటే జరగలేదని అర్థం.

టైర్‌బాబాయ్
చేయించుకోండి, నష్టం లేదు. తర్వాత దిగినప్పుడు మామూలు గాలి మూడు పాయింట్లు కలిపితే ఆక్సిజన్ ఒక శాతం పెరుగుతుంది, అంతే. డబ్బులిచ్చి మళ్లీ మొత్తం మార్చకండి.

మధురవాడ_స్విఫ్ట్
స్టెప్నీకి వాళ్లు ఏమీ కొట్టలేదు. దానికి కూడా నైట్రోజన్ కావాలా?

సింహాచలం_గేజీ
స్టెప్నీకి నైట్రోజన్ అక్కర్లేదు గానీ గాలి మాత్రం ఇవాళే చూడండి, నెలల తరబడి ఎవరూ చూడనిది అదే. మిగతా నాలుగింటిలాంటి టైరే అయితే స్టిక్కరు మీది ఎక్కువ అంకె కన్నా రెండు మూడు పాయింట్లు పైన పెట్టి ఉంచండి, కావాలంటే తర్వాత తగ్గించుకోవచ్చు. సన్న తాత్కాలిక స్టెప్నీ అయితే దాని మీదే రాసి ఉంటుంది, సాధారణంగా 60 పాయింట్లు. దానికి 33 కొట్టి వదిలేసిన షాపులు ఉన్నాయి, కొట్టేటప్పుడు పక్కనే నిలబడి చూసుకోండి.